కథనశిక్షణమున క్త్వార్థకము

తెలుగు ఎం.ఏ. తరగతులలో కథను గూర్చి మనము బోధించునది చాల కలదు. కథకును ఆఖ్యాయికకును భేదమును భామహుడు చెప్పెననియు, ఆ రెండును ఒకే జాతికి గల రెండు పేరులని దండి దానిని త్రోసిపుచ్చెననియు మన విద్యార్థులు పరీక్షలో తడువుకొనక వ్రాయుదురు. ఇతివృత్తము, పాత్రచిత్రణము, దృష్టికోణము మొదలగు మాటలు వారికి కంఠస్థములు. అట్టి విద్యార్థిని పిలిచి, నిన్న బస్సు తప్పిపోయిన సంగతిని ఒక పుటలో వ్రాసి తెమ్మని చెప్పినచో, వాడు తెచ్చునది కథనము కాదు. పోలీసు ఠాణాలో ఇచ్చిన వాఙ్మూలము. జరిగినదంతయు అందుండును. ఏదియు జరుగుచున్నట్లుండదు.

దీనికి కారణము ఊహాశక్తి లేకపోవుటయని కొందఱు, పఠనము లేకపోవుటయని కొందఱు చెప్పుదురు. రెండును కొంతవఱకు నిజమే. కాని ఆ విద్యార్థియే వసతిగృహమున రాత్రి భోజనమువేళ అదే సంగతిని తోడివారికి చెప్పునప్పుడు, తిన్న చేతులు ఎండిపోవునంతవఱకు వారు కదలక కూర్చుండి విందురు. నోటికి ఉన్న నేర్పు చేతికి ఏల రాదు? ఈ ప్రశ్నకు సమాధానమును మేము చాలకాలము అలంకారశాస్త్రమున వెదకితిమి. అది వ్యాకరణమున, అందును చిన్నతరగతినుండి అందఱు ఎఱిగినదే యగు క్త్వార్థకమున ఉన్నదని మాకు ఆలస్యముగా తెలిసినది. తెలియుటకు ముందు మేము చేసిన పొరపాటును మొదట చెప్పుట న్యాయము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలో దివిసీమకు చెందిన ఒక విద్యార్థిని, 'మా ఇంటి సంగతి' అను అభ్యాసమునకు తన అమ్మమ్మ చెప్పిన ఉప్పెన వృత్తాంతమును వ్రాసి తెచ్చినది. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఆ ఉప్పెనలో కృష్ణాజిల్లా తీరమున వేలకొలది జనము మరణించుట తెలిసినదే. ఆమె వ్రాతలో తక్కినదంతయు సామాన్యముగానే ఉన్నది. నడుమ ఒక్క వాక్యము మాత్రము అమ్మమ్మ నోట వెలువడినది వెలువడినట్లే కాగితముమీదికి వచ్చినది:

"నీళ్లొచ్చి, గోడ కూలి, దూలం మీద పడి, దాన్నే పట్టుకుని తేలి, తుమ్మచెట్టు చేతికి తగిలి, తెల్లారేదాకా దాన్నే కావలించుకునుండి, దిగి చూద్దును గదా, ఊరు లేదు."

మేము ఎఱ్ఱసిరా తీసికొని రెండు పనులు చేసితిమి. నీళ్లు, గోడ, దూలము, ముసలమ్మ, చెట్టు, ఇందఱు కర్తలు ఒక వాక్యమున క్త్వార్థకములతో ముడివడుట దోషమని తలచి, అంచున 'కర్తృభేదము' అని వ్రాసితిమి. పిమ్మట, చిన్నవాక్యములే మంచి వచనమునకు లక్షణమని అప్పటికి మాకు గల నమ్మకము ననుసరించి దానిని ఇట్లు దిద్దితిమి: "నీళ్లు వచ్చినవి. గోడ కూలినది. దూలము మీద పడినది. అమ్మమ్మ దానిని పట్టుకొని తేలినది. ఒక తుమ్మచెట్టు ఆమె చేతికి తగిలినది. తెల్లవారువఱకు ఆమె దానిని కావలించుకొని యున్నది. తరువాత దిగి చూచినది. ఊరు కనబడలేదు."

ఆ విద్యార్థిని రెండింటిని తరగతిలో చదివినది. మొదటిదానిని చదివినప్పుడు ఎవరును కదలలేదు. రెండవదానిని చదువుచుండగా వెనుకవరుసలో ఎవరో కాగితములు సర్దుకొనుచున్న చప్పుడు మాకు వినబడినది. నష్టపరిహారము కొఱకు రెవెన్యూ ఉద్యోగి వ్రాసికొనిన నివేదికవలె నున్నదని మేమే ఒప్పుకొనవలసివచ్చినది. ఆమె ఆ ప్రతిని మడిచి పుస్తకములో పెట్టుకొనినది. ఆ సంవత్సరము మరల దానిని వ్రాయలేదు.

మేము చెడగొట్టినది ఏది? సంఘటనలు అన్నియు ఉన్నవి, వరుసయు తప్పలేదు. మాఱినవి క్రియారూపములు మాత్రమే.

సమానకర్తృకములగు క్రియలలో పూర్వకాలమున జరిగినదానికి పాణిని క్త్వా ప్రత్యయమును విధించినాడు. చిన్నయసూరి ఆ పేరునే గ్రహించి తెలుగునందలి 'చేసి', 'పోయి' వంటి రూపములను క్త్వార్థకములనినాడు. బాలవ్యాకరణము (1858) చదివిన ప్రతివాడును క్త్వార్థమందలి ఇకారమునకు సంధి లేదని చెప్పగలడు. సంధి లేదన్నది పరీక్షకు వచ్చును. ఆ రూపము కథలో ఏమి పని చేయునన్నది ఏ పరీక్షకును రాదు. అది చేయు పని చిత్రమైనది. ఒక సంఘటన ముగిసినదని చెప్పును, తరువాత చెప్పబోవుదానికన్న అది ముందు జరిగినదని చెప్పును, అయినను వాక్యమును ముగియనీయదు. వినువాడు తరువాతిదానికై ఎదురుచూడక తప్పదు. పల్లెలో కథ చెప్పువాని యెదుట కూర్చున్నవారు 'ఊ' కొట్టు తావులను గమనించినచో, వానిలో పెక్కు క్త్వార్థకముల వెంటనే ఉండుట తెలియును. సమాపకక్రియ వచ్చినచోట 'ఊ' యే ఉండవలెనని లేదు. నిట్టూర్పో, నవ్వో, 'అయ్యో' అను మాటయో ఉండవచ్చును.

కర్తృనియమమును గూర్చియు ఒక మాట. 'రాముడు వచ్చి సీత వెళ్లెను' అని తెలుగువాడెవ్వడును అనడు. 'రాముడు రాగా సీత వెళ్లెను' అనును. ఇంతవఱకు పాణినీయనియమము మనకును చెల్లును. కాని 'వానలు కురిసి చెఱువులు నిండినవి', 'ఎండ తగిలి పైరు మాడినది' అనుటలో కర్తలు వేఱైనను ఎవ్వరికిని దోషము తోచదు. ఒకరి ఇచ్ఛతో పనిలేక తనంతట జరిగిన సంఘటన తరువాతిదానికి కారణమైనపుడు తెలుగు ఈ భేదమును సహించును. కనుక మా ఎఱ్ఱసిరా కథనరీత్యా మాత్రమే కాక వ్యాకరణరీత్యా కూడ తప్పే.

ఇప్పుడు ఆ వాక్యమును మరల చదువుడు. నీళ్లు వచ్చుట, గోడ కూలుట, దూలము పడుట: మూడింటిలోను మనుష్యుని ప్రమేయము లేదు. నాలుగవ క్రియ 'పట్టుకుని' అన్నచోట ముసలమ్మ వచ్చినది. వచ్చినట్లు చెప్పలేదు, 'నేను' అను మాట వాక్యమంతటను లేదు. ఆ రాత్రి నీళ్లు, గోడ, దూలము ఎట్టివో ఆమెయు అట్టిదే, కొట్టుకొనిపోవు వస్తువులలో ఒకటి. తరువాత చెట్టు 'చేతికి తగిలి'నదే కాని ఆమె వెదకి పట్టుకొనలేదు. మేము దిద్దిన ప్రతిలో 'అమ్మమ్మ', 'ఆమె చేతికి', 'ఆమె దానిని' అని మాటిమాటికి కర్తను నిలువబెట్టుటచేత ఆమె ఒడ్డున నిలిచి తన కథను తానే చూచుచున్నట్లయినది. రాత్రియంతయు ఎనిమిది క్త్వార్థకములలో గడచినది, ఊపిరి తీసికొనుటకు తావు లేక. ఊపిరి తీసికొనినది తెల్లవాఱిన పిమ్మట, చెట్టు దిగిన పిమ్మట. అప్పుడు వచ్చిన రూపము 'చూచితిని' కాదు, 'చూద్దును గదా'. ఇది సూరి తద్ధర్మార్థకమనిన రూపము. భూతమును కాదు, భవిష్యత్తును కాదు. ఎప్పుడో జరిగినదానిని ఈ క్షణమున జరుగబోవుచున్నట్లు వినువాని కన్నులయెదుట నుంచుటకు మన వాడుకలో దీనిని మించినది లేదు. దానికి వెనువెంట రెండే మాటలు: ఊరు లేదు. 'కనబడలేదు' అని మేము మార్చినది ఎంత అజ్ఞానమో వేఱుగ చెప్పనక్కఱలేదు. కనబడకపోవుట చూపులోని లోపము కావచ్చును, లేకపోవుట వేఱు.

ఆ ముసలమ్మ చదువుకొనినది కాదు. అయినను ఆమె చేసినది మన ప్రాచీనులు చేసినదే. నన్నయ వచనములను తీసికొనుడు. ఒక పాత్ర ఒకచోటినుండి మఱియొకచోటికి పోవుట, అచట ఒకరిని చూచుట, మ్రొక్కుట, కూర్చుండుట, ఇవియన్నియు 'చని', 'కని', 'మ్రొక్కి' అని క్త్వార్థకములలో దాటిపోయి, వచనాంతమున 'ఇట్లనియె' అను సమాపకక్రియ వచ్చును. మాట పద్యమునకు ఎక్కును. విద్యార్థులు దీనిని ఆచారముగా భావించి చదువక దాటుదురు. కాని ఏది దాటిపోవలెనో, ఎచట నిలువవలెనో అను నిర్ణయము ఆ రూపములలోనే ఉన్నది. ఆదిపర్వమున ఉదంకోపాఖ్యానమందు ఉదంకుడు చేసిన తిరుగుడు తక్కువది కాదు. పౌష్యమహారాజు నగరికి పోవుట, కుండలములు తెచ్చుట, తక్షకుడు వానిని అపహరించుట, వాని వెంట నాగలోకమున దిగుట, ఇంత జరిగినను కథ వేగముగ పోవును. నాగస్తుతి వచ్చినచోట ఆగి నాలుగు పద్యములు నడచును. కేవలము ఇతివృత్తమును నడుపుటచేత కవికి సిద్ధించునది లేదనియు, ఆ పనికి ఇతిహాసము చాలుననియు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము మూడవ ఉద్ద్యోతమున అభిప్రాయపడినాడు. మనము ఈ మాటను రసచర్చకు మాత్రమే వాడుకొందుము. పందొమ్మిదేండ్ల విద్యార్థి బస్సు తప్పిపోయిన సంగతిని వ్రాయునప్పుడును అది వర్తించును.

పాశ్చాత్యుల కథనవిచారమును మన తరగతికి తెచ్చుకొనువారు ఇచట ఒక చిక్కును గమనింపవలెను. విలియం లేబొవ్, జాషువా వాలెట్‌స్కీ 1967లో ప్రకటించిన వ్యాసమున, జనులు తమ అనుభవములను నోట చెప్పుతీరును పరిశీలించి, సంఘటనల వరుసకు వాక్యముల వరుస సరిపోవుటయే కథనమునకు లక్షణమని నిరూపించిరి. ఆ వరుసను మోయునవి స్వతంత్రవాక్యములే. అధీనవాక్యములను ముందు వెనుకలుగా కదల్చినను కాలక్రమము చెడదు. వారు పరిశీలించిన ఇంగ్లీషునకు ఇది సరియైనదే. ఈ కొలతతో కొలిచినచో దివిసీమ ముసలమ్మ చెప్పిన రాత్రియంతయు లెక్కలోనికి రాదు. తుదిని ఉన్న చూపును, ఊరు లేకపోవుటయు మాత్రమే మిగులును. తెలుగున సమాపకము కాని క్రియయే కాలక్రమమును మోయును, దానిని కదల్చినచో కథ మాఱును. ఇంగ్లీషు వ్యాసరచనాగ్రంథములలోని 'చిన్నవాక్యములు వ్రాయుము' అను ఉపదేశమును మేము ఎత్తి తెచ్చుకొనుటలోని పొరపాటు ఇదియే. ఆ భాషలో అది మంచి ఉపదేశమే కావచ్చును.

నోట ఉన్నది చేతికి రాకపోవుటకు మఱియొక కారణము మన బడులలోనే ఉన్నది. చిన్నతరగతులలో 'కథ వ్రాయుము' అను ప్రశ్నకు క్రింద కొన్ని మాటలు ఇచ్చుట వాడుక: కాకి, దాహము, కుండ, గులకరాళ్లు. పిల్లవాడు ఒక్కొక్క మాటకు ఒక్కొక్క వాక్యము వ్రాయును. నాలుగు మాటలకు నాలుగు వాక్యములు, నాలుగు సమాపకక్రియలు. మార్కులు ఇచ్చువారికి అది సులభము. కాకి దాహమును, గులకరాతిని ఎత్తి తెచ్చుటయు, నీరు త్రాగుటయు అన్నింటికిని ఒకే బరువు. పది సంవత్సరములు ఇట్లు వ్రాసినవాడు మా యొద్దకు వచ్చునప్పటికి, వ్రాతయనగా ప్రతి సంగతికి ఒక చుక్క పెట్టుటయని అనుకొనియుండును.

దీనికి ప్రతిగా మఱియొక తెగులు కలదు. "ఉదయము లేచి, పళ్లు తోముకొని, స్నానము చేసి, ఇడ్లీలు తిని, బస్సు ఎక్కి కళాశాలకు వచ్చితిని" అని వ్రాయువారును ఉన్నారు. క్త్వార్థకములు ఇందును వరుసగా ఉన్నవి. అయినను ఇది కథనము కాదు. ఇన్ని మెట్లు ఎక్కించి చూపినది కళాశాల వాకిలి. సమాపకక్రియ చేరవలసినచోటికి చేరినప్పుడే ముందటివాటికి అర్థము. కనుక విద్యార్థికి నేర్పవలసినది పొడుగు వాక్యము కాదు, పొట్టి వాక్యము కాదు; ఏ సంఘటనకు సమాపకక్రియ ఈయవలెనను నిర్ణయము.

ఈ నిర్ణయమును అలవాటు చేయుటకు మేము తరగతిలో వాడుచున్న అభ్యాసము ఒకటి ఉన్నది. కొన్ని సంఘటనలను నల్లబల్లమీద వ్రాయుదుము: ఒక రైతు సంతకు పోవుట, ఎద్దును అమ్ముట, డబ్బు లెక్కపెట్టుకొనుట, ఇల్లు చేరుట, చేతిలో మిగిలిన పలుపుత్రాడును కొట్టములో తగిలించుట. వీనిని ఎవరికి తోచినట్లు వారు ఒకే సమాపకక్రియతో వ్రాయవలెను. ఒక విద్యార్థి ఇట్లు వ్రాసినాడు: "సంతకు పోయి, ఎద్దును అమ్మి, డబ్బు లెక్కపెట్టుకొని, ఇల్లు చేరి, పలుపుత్రాడును కొట్టములో తగిలించెను." ఇందు మనకు కనబడునది ఖాళీ కొట్టము. మఱియొకడు వరుసను కొంచెము మార్చినాడు: "సంతకు పోయి, ఎద్దును అమ్మి, ఇల్లు చేరి, పలుపుత్రాడును కొట్టములో తగిలించి, డబ్బు లెక్కపెట్టుకొనెను." అదే ఎద్దు, అదే సంత, మనుష్యుడు వేఱు. ఇతడు లోభియో, రేపు అప్పులవాడు వచ్చునని భయపడుచున్నవాడో తెలియదు; ఆ రెండింటిలో ఏదియో చెప్పుటకు తరువాతి వాక్యము కావలెను. అనగా కథ మొదలైనది. మూడవవాడు నియమమును మీఱి రెండు సమాపకములు వేసినాడు: "సంతకు పోయి ఎద్దును అమ్మెను. డబ్బు లెక్కపెట్టుకొని, ఇల్లు చేరి, పలుపుత్రాడును కొట్టములో తగిలించెను." నియమము మీఱినందుకు వానిని మందలింపబోయి మేము ఆగితిమి. 'అమ్మెను' అన్నచోట వాక్యము ఆగుటచేత అమ్మకమే ఒక దెబ్బగా వినబడుచున్నది. తక్కినదంతయు దెబ్బ తినినవాని నడక. మేము చెప్పదలచినదానికన్న వాడు ఎక్కువ చూపినాడు.

నాలుగవ ప్రతిలో ఒక విద్యార్థిని సంతను, అమ్మకమును తీసివైచి, "అమ్మిన ఎద్దు పలుపుత్రాడును కొట్టములో తగిలించి నిలుచుండెను" అని మాత్రము వ్రాసినది. సంఘటనలు ఎగిరిపోయినవని తోడివారు తప్పు పట్టిరి. ఎగిరిపోలేదు. 'అమ్మిన' అను ధాతుజవిశేషణములోనికి పోయినవి. క్త్వార్థకము కాలమును ముందుకు నడుపును. ధాతుజవిశేషణము జరిగినదానిని వెనుకకు నెట్టి, అది ముందే తెలిసినట్లు నటించును. పూర్వకథను చెప్పుటకు 'ఆ దినము ఉదయము ఏమి జరిగినదనగా' అని కథ నాపి వెనుకకు పోవలెనని విద్యార్థులు అనుకొందురు. చలనచిత్రములు చూచి నేర్చిన అలవాటు. ఒక్క విశేషణము చాలిన చోట్లు పెక్కు.

ఈ అభ్యాసమున మాకు కలిగిన ఒక సౌకర్యము గ్రాంథికమా వ్యావహారికమా అను తగవు ఇచట అడ్డు రాకపోవుట. గిడుగు రామమూర్తి పంతులుగారి నాటి వాదోపవాదములలో నలిగిన రూపములు చాల ఉన్నవి గాని, 'చేసి' ఉభయపక్షములకును 'చేసి'యే. శ్రీకాకుళము విద్యార్థికిని, పాలమూరు విద్యార్థికిని, అనంతపురము విద్యార్థికిని ఇది ఇంటి సొత్తు. సమాపకక్రియ దగ్గఱ వారి మాండలికములు వేఱైపోవును. అంతవఱకు అందఱు ఒకే త్రోవను నడుతురు. అందుచేత వ్రాయించుటకు ముందు మేము చెప్పింతుము. ఒకడు చెప్పుచుండగా మఱియొకడు దానిని ఫోనులో ముద్రించి, విడిచిన మాటతో సహా కాగితముమీదికి ఎత్తును. చెప్పినవాడు తాను వేఱుగ వ్రాసి తెచ్చినదానిని దాని ప్రక్క ఉంచి, సమాపకక్రియల క్రింద గీతలు గీసి చూచుకొనును. తన నోటికి తెలిసినది తన కలమునకు తెలియదని వానికి వాడే కనుగొనును. మా ఎఱ్ఱసిరాకు పని తగ్గినది.

చిన్నవాక్యములను మేము నిషేధించుచున్నామని ఎవరైన అనుకొనవచ్చును. చాగంటి సోమయాజులు (1915-1994) కథలను చూపి మాకు సమాధానము చెప్పిన విద్యార్థి ఒకడు ఉన్నాడు. వానిది సరియైన ఆక్షేపము. చాసో పొట్టివాక్యములతోనే కథను నడిపి నిలువబెట్టగలిగినాడు. కాని ఆయన వాక్యములు పొట్టివగుటకు ముందు అందలి సంగతులు ఏఱబడినవి. చెప్పనక్కఱలేనిది వాక్యములోనికే రాలేదు. మా విద్యార్థులు సంగతులను ఏఱక వాక్యములను మాత్రము విఱుతురు. చాసోను అనుకరింపగోరువాడు ముందు క్త్వార్థకములతో వ్రాసి, పిమ్మట ఏ క్త్వార్థకము లేకున్నను కథకు లోటు రాదో చూచి వానిని కొట్టివేసినచో, మిగిలిన వాక్యములు తమంతట పొట్టివగును.

కథను ఎచట ఆరంభింపవలెనన్నదియు ఈ విచారములోనిదే. గురజాడ 'దిద్దుబాటు' 1910లో ఆంధ్రభారతిలో వెలువడినది. అదియే తొలికథయా, 1902లో వెలువడిన భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' తొలికథయా అను చర్చలో మన తరగతులు గడియలకు గడియలు గడుపును. ఆ కథ రాత్రి వేళ మూసిన తలుపు ముందట, ఒకని పిలుపుతో ఆరంభమగుటను అడుగువారు తక్కువ. భోగము మేళమునకు పోవుట, ప్రొద్దు పోవుట, ఇంటికి వచ్చుట, ఇవియన్నియు తలుపు తట్టుటకు ముందటి క్రియలు. మఱియొకడైనచో వీనిని మొదట వరుసగా చెప్పి తలుపు దగ్గఱకు వచ్చియుండును. గురజాడ వాటిని ఆ తలుపు వెనుక ఉంచినాడు. మా తరగతిలో విద్యార్థులు తాము వ్రాసిన కథలో మొదటి సమాపకక్రియకు పైనున్నదంతయు చేతితో మూసి చదువుదురు. తఱచుగ ఏమియు పోదు.

ఇక దృష్టికోణము. ఈ మాటను బోధించుటకు మనము పెక్కు పరిభాషలను తెచ్చుకొనియున్నాము: సర్వసాక్షి, ఉత్తమపురుష, ప్రథమపురుష. పురుషభేదము కన్న సూక్ష్మమైనది, ఏ పిల్లవానికైనను తెలిసినది మన భాషలో ఒకటి ఉన్నది. అది 'అట'. 'వాన కురిసినది' అనువాడు తడిసినవాడు. 'వాన కురిసినదట' అనువాడు విన్నవాడు. తాను చూచినదానికిని, పరులు చెప్పగా వినినదానికిని నడుమ ఈ గీతను తెలుగువాడు మాటలలో తఱచుగ పాటించును. విన్నదానికి 'అట' లేకుండ చెప్పినచో 'నీవు చూచితివా?' అని ఎదురుప్రశ్న రావచ్చును. కాని వ్రాతలో విద్యార్థులు రెండు విధములుగ చెడుదురు: కొందఱు తాతలనాటి సంగతులను చూచినట్లే చెప్పుకొనిపోవుదురు, కొందఱు వాక్యవాక్యమునకు 'అట' తగిలించి, కథనంతను గోడ అవతలనుండి వినిపింతురు. విన్నకథను చెప్పువాడు ఎచటనో ఒకచోట గోడ దాటవలెను. ఎచట దాటవలెనన్నది కథను బట్టి యుండును.

దివిసీమ విద్యార్థిని మరుసటి సంవత్సరము తన ప్రతిని మరల బయటికి తీసినది. మేము అడుగలేదు. పలుపుత్రాడు అభ్యాసము జరిగిన వారమున తానే తెచ్చినది. ఆమెకు చిక్కు అమ్మమ్మ వాక్యముతో కాదు, దానికి ముందటి వాక్యములతో. చెప్పుచున్నది మనుమరాలు, ఉప్పెననాటికి ఆమె తల్లియే పసిబిడ్డ. ఆ 'చూద్దును గదా' అమ్మమ్మది. మనుమరాలి నోట అది ఎట్లు నిలుచును? మొదట అన్ని వాక్యములకును 'అట' పెట్టి, తుదిని 'ఊరు లేదట' అని వ్రాసినది. చదివి తానే కొట్టివేసినది. అచట 'అట' చేరగానే ఊరు పోయిన సంగతి ఊరివారి పుకారువలె నైనది. రెండవ ప్రతిలో 'అట' ఎక్కడను లేదు. అప్పుడు తాను అబద్ధమాడినట్లున్నదని చెప్పినది. మూడవ ప్రతిలో మొదటి వాక్యము ఇది: "ఆ సాయంత్రం అమ్మమ్మ ఇంట్లో ఒక్కతే ఉందట." వ్రాత మొత్తమున 'అట' అదొక్కటే. తరువాత గాలిని గూర్చి రెండు వాక్యములు, దీపము ఆరిపోవుటను గూర్చి ఒక వాక్యము. వాని వెంట, మేము ఎఱ్ఱసిరాతో కొట్టివేసిన వాక్యము, ఒక్క అక్షరమును మాఱక, కొటేషను గుర్తులు లేకుండ.